ప్యాకెట్ మీది గీతల వెనక లెక్క ఎవరిది? ఒక తల్లి బహిరంగ లేఖ

గౌరవనీయులైన, దేశంలో ఆహార నిబంధనలు చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అధ్యక్షులకు, ముఖ్య కార్యనిర్వహణాధికారి గారికి,
ప్యాకెట్ ఆహారం తయారుచేసే కంపెనీల యాజమాన్యాలకు,
తిండి లెక్క రాసుకునే యాప్‌లు నడుపుతున్నవారికి,

నమస్కారం.

మాది తెనాలి. మా అబ్బాయికి పదకొండేళ్లు. ఏడో ఏట వాడికి టైప్ 1 షుగర్ వచ్చింది. అంటే వాడి ఒంట్లో ఇన్సులిన్ తయారవదు, బయటినుంచి సూదితో ఇవ్వాల్సిందే. వాడు ఏది తినాలన్నా ముందు అందులో పిండి పదార్థం, అదే మీ లేబుళ్ల మీద కార్బోహైడ్రేట్ అని రాసేది, ఎన్ని గ్రాములుందో లెక్కకట్టాలి. ఆ లెక్కకు తగ్గ యూనిట్లు ఇన్సులిన్ పెన్నులో తిప్పి ఇవ్వాలి. మా డాక్టరుగారు వాడికి చెప్పిన లెక్క 15 గ్రాములకు ఒక యూనిట్. ఈ లెక్క ఒక్కో పిల్లాడికి ఒక్కోలా ఉంటుంది. తక్కువ ఇస్తే షుగర్ పెరిగిపోతుంది, ఎక్కువ ఇస్తే పడిపోతుంది. పడిపోవడమే మాకు ఎక్కువ భయం.

ఇంటి వంట సంగతి నేర్చుకున్నాను. వంటింట్లో చిన్న కాటా పెట్టుకుని అన్నం, ఇడ్లీ, ఉప్మా అన్నీ తూచి తూచి ఒక నోటుపుస్తకం నింపాను. ఇప్పుడు గరిటెతో వడ్డిస్తూనే గ్రాములు చెప్పగలను. చిక్కంతా ప్యాకెట్లతోనే. పిల్లాడు బడికి వెళ్తాడు, పుట్టినరోజులకు వెళ్తాడు, స్నేహితులు తినేది వాడూ తింటానంటాడు. వద్దనడం నాకు చేతకాదు. డాక్టరుగారు కూడా వద్దనమనలేదు, లెక్క చూసి ఇవ్వమన్నారు. అందుకే ఫోన్‌లో యాప్ వేసుకున్నాను. ప్యాకెట్ వెనక నల్లగీతల (బార్‌కోడ్) మీద కెమెరా పెడితే చాలు, లెక్క వచ్చేస్తుంది.

కిందటి నవంబరులో ఒక శనివారం సాయంత్రం మావాడు 50 గ్రాముల క్రీమ్ బిస్కెట్ ప్యాకెట్ తెచ్చుకున్నాడు. స్కాన్ చేశాను. "ఒక ప్యాకెట్, కార్బ్స్ 68 గ్రాములు" అని వచ్చింది. పక్కన ఆకుపచ్చ టిక్కు కూడా ఉంది. నాలుగున్నర యూనిట్లు ఇచ్చాను. వాడు ప్యాకెట్ మొత్తం తిన్నాడు.

ఎనిమిది గంటలకు హోంవర్క్ చేస్తున్నవాడు పెన్సిల్ కింద పెట్టేసి, "అమ్మా, అక్షరాలు కదులుతున్నాయి" అన్నాడు. చేతులు వణుకుతున్నాయి, చొక్కా చెమటతో తడిసిపోయింది. షుగర్ మీటరులో 48 చూపించింది. 70 కంటే తగ్గినా ప్రమాదమే. గ్లూకోజ్ పొడి నీళ్లలో కలిపి తాగించి, పదిహేను నిమిషాలు ఆగి చూస్తే 61. మళ్లీ తాగించాను. ఆ అరగంటా వాడి తల నా ఒళ్లో పెట్టుకుని గడియారం చూస్తూ కూర్చున్నాను. రెండోసారికి 84కి వచ్చింది. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ పడుకోలేదు.

తెల్లారాక చెత్తబుట్టలోంచి రేపర్ తీసి చూశాను. వెనక అంటించిన మడత విప్పితే ఆ కింద, వెండిరంగు కాగితం మీద తెల్లటి చిన్న అక్షరాలతో పట్టిక ఉంది. 68 గ్రాములు అన్నది 100 గ్రాముల బిస్కెట్లకు. మావాడు తిన్నది 50 గ్రాములే, అంటే 34 గ్రాములు. రెండు, మహా అయితే రెండున్నర యూనిట్లు సరిపోయేది. 100 గ్రాముల లెక్కను యాప్‌లో ఎవరో "ఒక ప్యాకెట్" అని ఎక్కించేశారు.

నా తప్పు లేదని నేను అనను. మడత విప్పి చూడాల్సింది. ఆ రోజు నుంచి విప్పి చూడకుండా ఒక్క ప్యాకెట్ కూడా వాడి చేతికి ఇవ్వలేదు. కానీ యాప్‌వాళ్లకు రాస్తే నిమిషంలో "మీ అభిప్రాయం మాకు విలువైనది" అని మెయిల్ వచ్చింది, ఆ తర్వాత ఏమీ లేదు. మళ్లీ రెండుసార్లు రాశాను. బిస్కెట్ కంపెనీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే, మా ప్యాకెట్ మీద సరిగ్గానే వేశాం, యాప్‌తో మాకు సంబంధం లేదు అన్నారు. యాప్ నిబంధనలు చదివితే, ఇందులోని వివరాలకు మేం బాధ్యులం కాము అని ఉంది. ఎవరి మాట వాళ్లకు సరిగ్గానే ఉంది. ఆ రాత్రికి జవాబు చెప్పేవాళ్లు మాత్రం దొరకలేదు. అందుకే అందరికీ కలిపి ఈ లేఖ రాస్తున్నాను.

ముందు ఒక సంగతి చెప్పాలి, ఎందుకంటే నాలాంటి చాలామందికి ఇది తెలియదు. ఆ నల్లగీతల్లో తిండి గురించి ఒక్క ముక్క కూడా ఉండదు. ఉండేది మామూలుగా 13 అంకెల ఒక నంబరు మాత్రమే. మన దేశంలో ఈ నంబర్లు కేటాయించే సంస్థ జీఎస్1 ఇండియా ఇచ్చేవి 890తో మొదలవుతాయి. 1974లో అమెరికాలో ఒక చూయింగ్ గమ్ ప్యాకెట్‌ను మొదటిసారి స్కాన్ చేసినప్పుడు దాని పని బిల్లు వేయడమే, ఇప్పటికీ అంతే. యాప్ ఆ నంబరు చదివి తన దగ్గరున్న పట్టికలో వెతుకుతుంది. ఆ పట్టికలోని వివరాలు చాలాసార్లు మనలాంటి వాడకందారులే ఎవరో, ఎప్పుడో, ఎక్కడో కూర్చుని ఎక్కించినవి. ప్యాకెట్ కంపెనీది, నంబరు కంపెనీది కాబట్టి లెక్క కూడా కంపెనీదే అనుకుని మనం నమ్ముతాం. నేనూ అలాగే నమ్మాను.

ఈ నమ్మకం వల్ల మామూలు జనానికి జరుగుతున్నవి నా అనుభవంలోంచే చెబుతాను.

1. ఒకే ప్యాకెట్‌కు మూడు లెక్కలు. మా వీధి కొట్లో దొరికే ఒక మిక్చర్ ప్యాకెట్‌ను స్కాన్ చేస్తే 100 గ్రాములకు ఒక చోట 480 కేలరీలు, ఇంకో చోట 452, మరో చోట 2008 అని చూపించింది. వంద గ్రాముల వట్టి నూనెలో కూడా 900 కేలరీలకు మించవు. ఆ 2008 ఎక్కడిదా అని ఆలోచిస్తే అది కిలోజౌళ్ల లెక్క, అంటే శక్తిని కొలిచే ఇంకో కొలత. 480ని 4.184తో గుణిస్తే 2008 వస్తుంది. దాన్ని కేలరీల గడిలో వేసేశారు. 452 బహుశా రెసిపీ మార్చకముందు పాత ప్యాకెట్‌ది. ఇంటర్ చదివి గణితం మీద ఇష్టమున్న నాకే ఇది తేల్చుకోవడానికి ఒక పూట పట్టింది. బరువు తగ్గాలని యాప్ వేసుకున్నవారికి ఈ తేడా వల్ల నెలంతా పడ్డ కష్టం వృథా అవుతుంది. ఇన్సులిన్ తీసుకునేవారికైతే ప్రాణం మీదికే వస్తుంది.

2. ఉప్పు, సోడియం తికమక. మన లేబుళ్ల మీద సోడియం మిల్లీగ్రాముల్లో ఉంటుంది. యూరప్ లేబుళ్ల మీద ఉప్పు గ్రాముల్లో ఉంటుంది. రెండున్నర రెట్ల తేడా. 800 మిల్లీగ్రాముల సోడియం అంటే 2 గ్రాముల ఉప్పు. ఒకదాని గడిలో ఇంకోటి పడితే బీపీ ఉన్నవారి లెక్క మొత్తం తారుమారు. మా అత్తయ్యకు బీపీ, షుగర్ రెండూ ఉన్నాయి. ఆవిడ లెక్క కూడా నేనే రాస్తాను కాబట్టి ఇది గమనించాను.

3. ఐదు రూపాయల ప్యాకెట్లు. నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టేది ఇదే. ప్యాకెట్ ఉపరితలం 100 చదరపు సెంటీమీటర్లకు మించకపోతే దానిమీద పోషక విలువలు, పదార్థాల జాబితా వేయనక్కర్లేదని, అవి పెద్ద పెట్టె మీద ఉంటే చాలని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వారి 2020 లేబులింగ్ నిబంధనలే మినహాయింపు ఇచ్చాయి. ఆ పెద్ద పెట్టె కొట్టువాడి అటక మీద ఉంటుంది. బడి గేటు దగ్గర పిల్లాడి చేతిలోకి వచ్చేది చిన్న ప్యాకెట్. పిల్లలు తమ సొంత డబ్బుతో కొనుక్కునేవి ఎక్కువగా ఇవే. వెనక చదవడానికి ఏమీ లేనప్పుడు మాకు మిగిలింది స్కానింగ్ ఒక్కటే. ఆ స్కానింగ్ ఎవరి పూచీ లేకుండా నడుస్తోంది. ఊళ్లలో, బస్తీల్లో, రోజుకూలి ఇళ్లలో పిల్లలు తినేది కూడా ఈ ప్యాకెట్లే. పెద్ద ప్యాకెట్ కొనగలిగినవాళ్లకు పట్టిక ఉంది, కొనలేనివాళ్లకు లేదు. ఇది ఎంత అన్యాయమో ఆ నిబంధన రాసినప్పుడు ఎవరూ గమనించలేదనే అనుకుంటున్నాను.

4. భాష. లేబుల్ వివరాలు ఇంగ్లీషులో గానీ దేవనాగరి లిపిలో హిందీలో గానీ ఉండాలన్నది నిబంధన. వేరే భాష అదనంగా వేసుకోవచ్చు, వేయాలని లేదు. కాబట్టి దాదాపు ఎవరూ వేయరు. మా అత్తయ్యకు 68 ఏళ్లు. తెలుగు పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదువుతారు. అదే ఆవిడ ఓట్స్ ప్యాకెట్ తిప్పితే ఏమీ తెలియని మనిషిలా నిలబడతారు. "ఇందులో పంచదార ఉందా అమ్మాయ్?" అని అడుగుతారు. నేను ఇంట్లో లేని రోజు అడగడానికి ఎవరూ ఉండరు. యాప్ తెలుగులో మాట్లాడితే ఆవిడే స్కాన్ చేసుకోగలరు. ఫోన్‌లో పాటలు పెట్టుకోవడం వచ్చినవారికి ఇది ఎందుకు రాదు?

5. సూపర్‌మార్కెట్ తూచి కట్టే సంచులు. వేరుశనగపప్పు సంచి మీది గీతలు స్కాన్ చేస్తే ఏదో విదేశీ చీజ్ పేరు వచ్చింది. 2తో మొదలయ్యే నంబర్లు ఆ దుకాణం లోపలి వాడకానికట. ఒక కొట్లో పప్పుది ఇంకో కొట్లో, ఇంకో దేశంలో వేరే సరుకుది కావచ్చు. యాప్ ఆ మాట చెప్పి ఆగిపోవాలి. ఆగకుండా చీజ్ లెక్క నా పద్దులో రాసేసింది.

6. మన స్వగృహ ఫుడ్స్, పచ్చళ్ల అంగళ్లు, పొడుల తయారీదార్లు. వీరి సరుకు మీద చాలాచోట్ల గీతలే ఉండవు. వాళ్లను నేను తప్పుపట్టడం లేదు. ఒక చెగోడీల ప్యాకెట్‌కు లేబరేటరీ పరీక్ష చేయించడం ఎంత ఖర్చో వాళ్లకే తెలుసు. ప్రభుత్వం చేయూతనివ్వాల్సిన చోటు ఇది.

ఇదంతా ఒక్క తల్లి గోడు అనిపించవచ్చు. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ఇండియాబ్ అధ్యయనం ప్రకారం దేశంలో షుగర్ ఉన్నవారు 10 కోట్ల మందికి పైగా ఉన్నారు. ఆ అంచున ఉన్నవారు మరో 13 కోట్ల 60 లక్షల మంది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన 17 సూచనల్లో చివరిది, లేబుళ్లు చదివి ఆహారం ఎంచుకోండి అన్నదే. చదవమన్నారు కాబట్టి చదవగలిగేలా చేయండి అని అడుగుతున్నాం.

ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అధికారులకు ఒక మంచి మాట కూడా చెప్పాలి. ఓఆర్‌ఎస్ అని పేరు పెట్టుకుని అమ్ముతున్న తీపి పానీయాల మీద హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఎనిమిదేళ్లు పోరాడితే, 2025 అక్టోబరులో మీరు ఆ పేరు వాడకుండా ఆపారు. దానికి తల్లులందరి తరఫునా కృతజ్ఞతలు. ఈసారి మాత్రం ఎనిమిదేళ్లు పట్టకూడదు. ప్యాకెట్ ముందు వైపు హెచ్చరిక విషయంలో ఇప్పటికే చాలా కాలం గడిచింది. 2022 సెప్టెంబరులో ఆహారం ఎంత మంచిదో నక్షత్రాలతో చూపించే రేటింగ్ ముసాయిదా వచ్చింది. 2024 జులైలో చక్కెర, ఉప్పు, కొవ్వు అంకెలు పెద్ద అక్షరాల్లో వేయించే ప్రతిపాదనకు మీరే ఆమోదం తెలిపారు. 2025 ఏప్రిల్‌లో ఈ విషయం తేల్చమని సుప్రీంకోర్టు మూడు నెలల గడువు ఇచ్చింది, జులైలో ఇంకో మూడు నెలలు పొడిగించింది. చిలీ దేశం 2016లోనే నల్లటి ఎనిమిది మూలల ముద్రలు ప్యాకెట్ల ముందు వేయించింది. వాటిని చదవడానికి మడత విప్పే పని లేదు.

ఇక మా డిమాండ్లు.

ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వారికి:

1. దేశంలో అమ్మే ప్రతి ప్యాకెట్ ఆహారానికీ, బార్‌కోడ్ నంబరు వారీగా, అధికారిక పోషక విలువల పట్టిక పెట్టండి. వివరాలు కంపెనీయే ఇవ్వాలి, తప్పయితే కంపెనీయే బాధ్యత వహించాలి. ఎవరైనా ఉచితంగా చూడగలగాలి, యాప్‌లు ఉచితంగా తీసుకోగలగాలి. ఇది కొత్త ఊహ కాదు. అమెరికా వ్యవసాయ శాఖ కంపెనీల నుంచి ఇలాంటి వివరాలు తీసుకుని బార్‌కోడ్ నంబర్లతో సహా అందరికీ ఉచితంగా ఇస్తోంది. అక్కడ కంపెనీలు ఇష్టపడి ఇస్తున్నాయి, ఇక్కడ తప్పనిసరి చేయండి. ఆన్‌లైన్‌లో అమ్మేటప్పుడు లేబుల్ వివరాలు ముందే చూపాలని మీ నిబంధనల్లోనే ఉంది. అంటే వివరాలు కంప్యూటర్లలో ఇప్పటికే ఉన్నాయి. ఒక్కచోట చేర్చడమే మిగిలింది. 528 ముడి ఆహార పదార్థాలను పరీక్షించి 2017లో పట్టికలు అచ్చువేసిన జాతీయ పోషకాహార సంస్థకు ఈ పని పర్యవేక్షణ అప్పగించవచ్చు.

2. రెసిపీ గానీ బరువు గానీ మారిన రోజే పట్టికలో మార్పు, తేదీతో సహా రావాలి. పాత విలువలు కూడా కనిపించాలి, ఎందుకంటే పాత సరుకు ఇంకా కొట్లో ఉంటుంది.

3. చిన్న ప్యాకెట్ల మినహాయింపు తీసేయండి. చోటు లేదంటే కనీసం కార్బోహైడ్రేట్, చక్కెర, సోడియం, మొత్తం ప్యాకెట్‌కు ఎంతో ఆ మూడు అంకెలు వేయించండి.

4. చూపులేనివారి కోసం ప్యాకెట్ల మీద క్యూఆర్ కోడ్ పెట్టమని 2023 అక్టోబరులో కంపెనీలకు సూచించారు. సూచనగా వదిలేయకుండా తప్పనిసరి చేయండి. స్కాన్ చేయగానే తెలుగు సహా రాష్ట్రాల భాషల్లో చదివి వినిపించాలి. 2023 ఆగస్టు నుంచి 300 మందుల బ్రాండ్లకు బార్‌కోడ్ గానీ క్యూఆర్ కోడ్ గానీ తప్పనిసరి చేశారు. మందులకు సాధ్యమైనది బిస్కెట్లకు కూడా సాధ్యమే.

5. చిన్న తయారీదార్లకు, స్వయం సహాయక సంఘాలకు పోషక విలువల పరీక్షలు రాయితీ మీద చేయించే ఏర్పాటు కావాలి.

యాప్‌లవారికి: ప్రతి లెక్క పక్కనా అది ఎవరు, ఏ తేదీన ఎక్కించారో రాయండి. లేబుల్ ఫోటో పక్కనే చూపించండి. వాడకందారు ఎక్కించినదానికి, మీ మనిషి లేబుల్‌తో సరిచూడకుండా ఆకుపచ్చ టిక్కు పెట్టకండి. "ఒక ప్యాకెట్" అన్నప్పుడు ఎన్ని గ్రాముల ప్యాకెట్టో అడగకుండా లెక్క చూపించకండి. వంద గ్రాములకు 900 దాటిన కేలరీలు, 100 దాటిన కార్బ్స్ కనిపిస్తే మీ యాప్ తనంతట తానే ఆపేయాలి. ఇందుకు పెద్ద తెలివి అక్కర్లేదు, ఒక్క షరతు రాస్తే చాలు. తప్పని ఎవరైనా ఫిర్యాదు చేస్తే సరిచూసేదాకా ఆ ఎంట్రీ మీద ఎర్ర గుర్తు ఉండాలి, వారంలోగా మనిషి నుంచి జవాబు రావాలి. స్కానింగ్ సౌకర్యాన్ని డబ్బు కట్టినవారికే పరిమితం చేసే పద్ధతి కొన్ని యాప్‌లలో వచ్చింది. జబ్బు ఉన్నవారికి ఇది సరదా కాదు, దయచేసి ఉచితంగా ఉంచండి. ఇప్పుడు కొత్తగా కంచం ఫోటో తీస్తే లెక్క చెబుతామంటున్నారు. ప్యాకెట్ లెక్కే సరిగా లేనప్పుడు ఫోటో చూసి చెప్పే అంచనాను ఇన్సులిన్‌కు వాడవద్దని ఆ తెర మీదే, పెద్ద అక్షరాల్లో, తెలుగులో రాయండి.

కంపెనీలవారికి: చట్టం వచ్చేదాకా ఆగనక్కర్లేదు. పోషక పట్టికను అంటించే మడత మీద వేయకండి. తెల్ల నేల మీద నల్ల అక్షరాలతో వేయండి. 100 గ్రాములకు ఎంతో చెప్పిన పక్కనే మొత్తం ప్యాకెట్‌కు ఎంతో కూడా వేయండి. "ఒక సర్వింగ్" అని రెండు బిస్కెట్ల లెక్క చెబితే, ప్యాకెట్ మొత్తం తినే పిల్లాడి తల్లికి అది ఉపయోగపడదు. మీ సరుకు పేరుతో యాప్‌లలో తప్పు లెక్క తిరుగుతుంటే అది మీ పేరే. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసినవారిని పంపించేయకుండా, యాప్‌వాళ్లకు మీరే ఒక మెయిల్ రాయండి.

ఈ మూడు వర్గాల నుంచీ మూడు నెలల్లోగా రాతపూర్వక సమాధానం కోరుతున్నాను. ఏ డిమాండు సాధ్యం కాదో, ఎందుకు కాదో చెప్పినా సంతోషమే. చర్చకు పిలిస్తే నా నోటుపుస్తకం, రేపర్లు పట్టుకుని తెనాలి నుంచి రైలెక్కి వస్తాను.

ఇది చదువుతున్న అమ్మానాన్నలకు ఒక మాట. స్కాన్ చేయండి, కానీ ఇన్సులిన్ ఇచ్చే ముందు ప్యాకెట్ మడత విప్పి మూడు చూడండి. అంకె 100 గ్రాములకా, సర్వింగ్‌కా, ప్యాకెట్‌కా? ప్యాకెట్ నికర బరువు ఎంత? యాప్ చూపినదీ లేబుల్ మీదిదీ ఒకటేనా? తేడా ఉంటే లేబుల్‌నే నమ్మండి. ఇంట్లో గ్లూకోజ్ పొడి అందరికీ తెలిసిన చోట పెట్టండి, పిల్లాడి స్కూలు బ్యాగులో కూడా ఒకటి వేయండి. తప్పు లెక్క కనిపిస్తే రేపర్ పారేయకుండా ఫోటో తీసి యాప్‌కూ, కంపెనీకీ పంపండి.

ఆ బిస్కెట్ ప్యాకెట్ రేపర్‌ను నేను నోటుపుస్తకంలో అంటించి పెట్టుకున్నాను. ఈ లేఖ ముగించే ముందు దాని గీతల మీద మరోసారి కెమెరా పెట్టి చూశాను. "ఒక ప్యాకెట్, కార్బ్స్ 68 గ్రాములు" అనే వచ్చింది. ఆకుపచ్చ టిక్కు అలాగే ఉంది.

ఇట్లు,
ఒక అమ్మ,
తెనాలి